ప్యాటర్నా, పిన్నా, వేలిముద్రా: ఫోన్‌కు ఏ తాళం మేలు?

టంగుటూరులో పొగాకు వేలం చూసుకుని బస్సులో ఒంగోలు వస్తుంటే మా బాబాయి ఫోన్ ఎవరో కొట్టేశారు. "ప్యాటర్న్ పెట్టాన్లేరా, వాడు తెరవలేడు" అని ధీమాగా ఉన్నాడు. సాయంత్రానికి చుట్టాలందరికీ ఆయన వాట్సాప్ నుంచి ఒకటే మెసేజ్: "అర్జంటుగా పదివేలు కావాలి." దొంగ ప్యాటర్న్ జోలికే పోలేదు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకున్నాడు. ఓటీపీ తిన్నగా అక్కడికే వెళ్లింది.

లెక్క ప్రకారం ప్యాటర్న్ తక్కువదేం కాదు. తొమ్మిది చుక్కలతో 3,89,112 రకాలుగా గీయొచ్చు. నాలుగంకెల పిన్‌కు ఉన్నవి 10,000 మాత్రమే. కానీ జనం గీసేది ఎల్, జెడ్ లాంటివే. బాబాయిది ఎల్. మా ఆరేళ్ల పాప పక్కన కూర్చుని ఒక్కసారి చూసి గీసేసింది. వేలి జిడ్డు గాజు మీద గీతలాగా మిగిలిపోతుంది, అదొకటి.

వేలిముద్ర సుఖమే, అందరి చేతులూ ఒకలా ఉంటే. ఆకు కోతల రోజుల్లో నాన్న వేళ్లకు నల్లటి బంక పట్టి ఉంటుంది. లుంగీకి తుడుచుకుంటాడు, మళ్లీ నొక్కుతాడు, "నా ఫోన్‌కి నేనెవరో తెలీదంట" అని విసుక్కుంటాడు. చీమకుర్తి గ్రానైట్ పనిలో వేళ్లు అరిగినవాళ్లదీ ఇదే గోల. నిద్రపోతుంటే వేలు పట్టుకుని తెరిచేవాళ్లూ ఉంటారు. పైగా ఫోన్ ఆపి ఆన్ చేస్తే వేలిముద్ర చెల్లదు, పిన్నో ప్యాటర్నో అడుగుతుంది. అంటే అసలు తాళం ఆ రెండిట్లో ఒకటే.

నా ఓటు ఆరంకెల పిన్‌కు. పది లక్షల రకాలు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు మాత్రం వద్దు.

వీటిలో ఏదీ బాబాయిని కాపాడేది కాదు. దానికి కావాల్సింది సిమ్ పిన్. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేస్తే, సిమ్ ఏ ఫోన్‌లో వేసినా ముందు ఆ పిన్ కొట్టాల్సిందే. చిక్కు కూడా ఉంది: మూడుసార్లు తప్పు కొడితే పీయూకే, అంటే సిమ్ కంపెనీ దగ్గర ఉండే ఇంకో కోడ్, అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ చెత్తబుట్టకే. అందుకని సిమ్‌తో పాటు కంపెనీ పెట్టి ఇచ్చే మొదటి పిన్ ఊహించి కొట్టకండి, కస్టమర్ కేర్‌లో అడగండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే ఓటీపీతో పాటు అడిగే ఇంకో పిన్, కూడా పెట్టేస్తే మంచిది. ఫోన్ పోయాక మొదటి పని సిమ్ బ్లాక్ చేయించడం, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం.

పీఎం కిసాన్ డబ్బులంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌కు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) మాత్రం ఏ తాళమూ అడ్డురాదు. దాన్ని మన చేత్తో మనమే లోపలికి రానిస్తాం.

నాన్న ఫోన్‌కు ఆరంకెల పిన్, సిమ్ పిన్ రెండూ పెట్టాను. ఛార్జింగ్ అయిపోయి ఆన్ చేసినప్పుడల్లా రెండూ కొట్టాలి కాబట్టి నన్ను తిడుతూనే ఉన్నాడు. బాబాయి మాత్రం కొత్త ఫోన్‌కూ ప్యాటర్నే పెట్టాడు. ఈసారి జెడ్.