తాడోబా సఫారీ కొంటున్నారా? పర్మిట్‌లో గేటు పేరు చూడకుండా డబ్బు కట్టకండి

వేసవి సెలవుల్లో పిల్లలకు పులిని చూపించాలని మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తాడోబా పులుల అడవికి బయల్దేరే మనవాళ్ళ కోసం రాస్తున్నాను. కాజీపేట మీదుగా రైలెక్కితే నేరుగా చంద్రపూర్‌లో దిగొచ్చు కాబట్టి మనవైపు నుంచి చాలామంది వెళ్తారు. ఈ ఏప్రిల్‌లో మేమూ వెళ్ళాం. మోసపోయి వచ్చాం.

మా నాన్నకు డెబ్బై దాటాయి. ఆసిఫాబాద్ పక్క పల్లెలో పెరిగారు. చిన్నప్పుడు రాత్రిళ్ళు పులి గాండ్రింపు విన్నారట గానీ, ఏనాడూ కళ్ళారా చూడలేదు. ఈ ప్రయాణం ఆయన కోసమే. ఒక ఏజెంటుతో ఫోన్లో మాట్లాడుకుని మూడు సఫారీలకు, రెండు రాత్రుల బసకు, నలుగురికి కలిపి 46,000 రూపాయలు ముందే పంపాను. "మొహర్లి గేటు, కోర్ ఏరియా. తేలియా చెరువు, పండర్‌పౌనీ, తాడోబా చెరువు అన్నీ చూపిస్తాం. పులి గ్యారంటీ" అన్నాడు.

ఆ ఏజెంటు చెప్పిన చోట్లు మంచివే. అందుకే నమ్మాను. చంద్రపూర్ ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిల్, మే నెలల్లో వాగులు ఎండిపోతే జంతువులన్నీ నీళ్ళున్న చోటికే చేరతాయి. తాడోబా చెరువులో మొసళ్ళుంటాయి, గట్టు మీదికి దుప్పులు మందలుగా వస్తాయి. పండర్‌పౌనీ నీటిగుంట దగ్గర ఓపిగ్గా ఆగితే పులి నీళ్ళకు రావడం చూడొచ్చు. కానీ ఇవన్నీ కోర్‌లో ఉన్నాయి. కోర్ అంటే 625 చదరపు కిలోమీటర్ల లోపలి అడవి. దాని చుట్టూ సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల బఫర్ ఉంది. గేట్లు వేరు, పర్మిట్లు వేరు, రుసుములు వేరు. బఫర్ పర్మిట్‌తో కోర్ లోపలికి అడుగు పెట్టనివ్వరు.

ఆదివారం మధ్యాహ్నం సఫారీకి పర్మిట్ శనివారం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చింది. తెరిచి చూస్తే జునోనా బఫర్. ఫోన్ చేస్తే "అడవి ఒకటే కదా సార్, పులికి గేట్లు తెలుసా?" అన్నాడు. నిజమే, బఫర్‌లోనూ పులులు తిరుగుతాయి. అగర్‌జరీ, అలీజంజా వైపు చూసి సంతోషంగా వచ్చినవాళ్ళు నాకు తెలుసు. తెలిసి బఫర్ కొనుక్కుంటే తప్పేమీ లేదు. కోర్ అని డబ్బు తీసుకుని బఫర్ అంటగట్టడమే మోసం. ఆ పూట అడవిపందులు, నెమళ్ళు, దూరంగా ఒక అడవిదున్న కనిపించాయి. మా డ్రైవరు, గైడు ఇద్దరూ అక్కడి పల్లెవాళ్ళే, చాలా మంచివాళ్ళు. కొండముచ్చు అరిచినప్పుడల్లా పులి జాడేమోనని జిప్సీ (సఫారీ జీపు) ఆపి చెవులు రిక్కించేవారు. వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు.

అసలు దెబ్బ సోమవారం పొద్దున తగిలింది. ఈసారి పర్మిట్ మొహర్లిదే. చీకటితోనే లేచి గేటు దగ్గర నిలబడ్డాం. ఫారెస్టు గార్డు టార్చిలైటు వేసి, పర్మిట్ మీది పేర్ల వెంబడి వేలు జరుపుతూ ఒక్కో ఆధార్ కార్డూ పక్కన పెట్టి చూశాడు. నాలుగు పేర్లలో ఒక్కటీ మాది కాదు. ఎవరో బుక్ చేసుకున్న సీట్లు మాకు అమ్మారు. గార్డు కోప్పడలేదు, కార్డులు తిరిగి నా చేతిలో పెట్టి పక్కకు నిలబడమన్నాడు. మా ముందు నుంచి జిప్సీలు వరసగా లోపలికి వెళ్ళిపోయాయి. నాన్న స్వెట్టర్ గుండీలు పెట్టుకుని అప్పటికే బండెక్కి కూర్చున్నారు. ఆయన్ని దిగమని చెప్పడం నా వల్ల కాలేదు. మా ఆవిడ చెప్పింది.

మూడో సఫారీ మంగళవారం పొద్దున అని ఏజెంటు రాసిచ్చాడు. మంగళవారం కోర్‌కు సెలవు. ప్రతి వారం ఉండే సెలవే. ఆ ఒక్క సంగతి ముందే తెలుసుకుని ఉంటే డబ్బు పంపేవాణ్ణి కాదు. ఇంకొకటి కూడా నేను గమనించాల్సింది. "నిన్న మా కస్టమర్లు కోర్‌లో ఫోన్‌తో తీశారు" అంటూ పులి వీడియోలు పంపాడు. తాడోబా కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అవి ఎక్కడివో మరి.

కాబట్టి దయచేసి నా మాట వినండి. వీలైతే అటవీశాఖ సొంత బుకింగ్ వెబ్‌సైటులో మీరే బుక్ చేసుకోండి. కష్టమేమీ కాదు, కాకపోతే సెలవు రోజులకు సీట్లు తొందరగా అయిపోతాయి. ఏజెంటు ద్వారా వెళ్ళక తప్పదనుకుంటే కొంతే అడ్వాన్సు ఇచ్చి, మిగతాది పర్మిట్ చేతికొచ్చాకే ఇవ్వండి. అందులో గేటు పేరు, తేదీ, పొద్దునా మధ్యాహ్నమా, మీ అందరి పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు సరిపోయాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోండి. మొహర్లి, కోలారా, నవేగావ్, ఖుట్వండా, పాంగ్డీ, ఝరీ ఇవి కోర్ గేట్లు. జునోనా, అగర్‌జరీ, దేవాడా, అలీజంజా, మదనాపూర్ లాంటివి బఫర్. జులై నుంచి సెప్టెంబరు దాకా వానలకు కోర్ మూసేస్తారు, ఆ నెలల్లో ఎవరైనా కోర్ సఫారీ అమ్మితే ఇంక మాట్లాడకండి. పులి గ్యారంటీ అనే మాట ఎవరి నోట విన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. అది ఎవరి చేతిలోనూ ఉండదు.

డబ్బు అడిగితే ఆ ఏజెంటు 9,000 తిరిగి ఇచ్చి, ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మాటలు అన్నీ జతచేశాను. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామని తెలిసిన వెంటనే అయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మీకూ ఇలాగే జరిగి ఉంటే ఆ చాట్లు చెరిపేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం.