పిలకాయల ఫోటోలకు ఏది మేలు: స్టూడియోనా, మైపాడు బీచా, ఇంటి వసారానా?

మా పాపకు మూడేళ్లు నిండినప్పుడు నెల్లూరులోనే ఒక స్టూడియోకి తీసుకెళ్లాం. పట్టు పావడా, జడ నిండా పూలు, వెనక జలపాతం బొమ్మున్న తెర. ఫోటో తీసే అతను గిలక్కాయ ఊపుతూ "నవ్వు పాపా, ఇంకా నవ్వు" అంటుంటే ఇది మెడ బిగించి పళ్లన్నీ బయటపెట్టి నిలబడింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం కానీ మా అమ్మ చూసినప్పుడల్లా "ఎవురి బిడ్డో మాదిరుందబ్బా" అంటుంది.

అట్లని స్టూడియో పనికిరాదని కాదు. బడికి కావాల్సిన ఫోటోలకీ, ఇంటిల్లిపాదీ ఒకే ఫోటోలో సరిగ్గా పడాలన్నప్పుడూ దానికి మించింది లేదు, లైటు వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి వానైనా ఎండైనా ఒకటే. కానీ ఫోటో సహజంగా ఉండాలంటే మాత్రం కష్టం. కొత్త గది, కొత్త మనిషి, మొహం మీద టప్పున వెలిగే ఫ్లాష్, మా పాపకైతే కొత్తచోట మామూలుగా మసలడానికే అరగంట పడుతుంది, అక్కడేమో పది నిమిషాల్లో పని అయిపోవాలి.

మరి మైపాడు? నెల్లూరుకు 20 పైచిలుకు కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం ఉంది, సంగతి అక్కడా అంతే. నీళ్లు కనపడగానే పిలకాయలు ఫోటో మాటే మర్చిపోతారు, అది పెద్ద లాభం. తంటా అంతా ఎండతోనే. పది దాటితే ఎండ నడినెత్తికి వచ్చేస్తుంది, కళ్ల కింద నల్లటి నీడలు, అందరూ కళ్లు చికిలించుకునే ఉంటారు. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి వైపు దిగుతాడు కాబట్టి సాయంత్రం అలల మీద సూర్యాస్తమయం కావాలంటే ఇక్కడ దొరకదు. తెల్లారే వెళ్లి సముద్రం పాప వెనక ఉండేట్టు నిలబడితే జుట్టు అంచులు బంగారంలా మెరుస్తాయి, మొహం మాత్రం నల్లబడుతుంది, అప్పుడు ఫోను తెర మీద మొహాన్ని తాకి వెలుతురు కాస్త పెంచుకోవాలి. సాయంత్రమైతే ఎండ దిగాక మనమే సముద్రానికి వీపు పెట్టి తీయాలి, సముద్రం మీది ఆకాశం నుంచి వచ్చే మెత్తటి వెలుతురు నేరుగా పాప మొహం మీద పడుతుంది. ఒక్కటి, అలల వైపు వీపు పెట్టి ఫోటో తీసేవాడికి పిల్లను చూసుకోవడం కుదరదు, ఆ పనికి ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆదివారమైతే మీ పాప వెనక ఇంకో పది మంది పడతారు.

నా ఓటు ఇంటి వసారాకే. ఎండ నేరుగా తగలదు, వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది, ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఉంటే ఆ వెలుతురు తిరిగొచ్చి రెండో చెంప మీద పడుతుంది. లోపలి ట్యూబులైటు ఆపేయండి, లేకపోతే మొహం ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగు వస్తుంది. తర్వాత చేయాల్సింది పాపకు ఏదో ఒక పని ఇవ్వడమే. అవ్వ చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చోబెట్టండి, లేదా చేతిలో ఒక మలై కాజా పెట్టండి. మీరు నేల మీద కూర్చుని ఆమె కళ్ల ఎత్తులో ఫోను పట్టుకోండి. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా పడుతుంది, వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీయండి. పేరు పెట్టి పిలవొద్దు, పిలిస్తే మళ్లీ పళ్లు బయటికొస్తాయి. మొదటి పది ఫోటోలు దండగే అనుకోండి, ఆ తర్వాత ఫోను మీద విసుగు పుట్టి తన పనిలో పడుతుంది.

ఫోనా, కెమెరానా అంటే, కూర్చున్న పాపకు ఫోను చాలు. వెనకదంతా మసకగా చేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం నేను వాడను, చెదిరిన వెంట్రుకలను కత్తిరించేస్తుంది. వసారాలో అటూ ఇటూ పరిగెత్తే పిల్లోడికైతే ఫోనులో చేతులు చెదిరిపోతాయి, అక్కడ కెమెరాయే మేలు. వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు పెట్టి, షట్టరు వేగం 1/500 (సెకనులో 500వ వంతు) దగ్గర ఉంచితే కాళ్లు గాల్లో ఉన్నా స్పష్టంగా పడతాయి. నాది సెకండ్ హ్యాండ్ కెమెరా, మొదట్లో దాన్ని చూసి పాప తలుపు చాటుకు పోయేది, వారం రోజులు ఊరికే మెడలో వేసుకుని తిరిగాక అలవాటు పడింది.

మా అమ్మకు నచ్చింది కాజా ఫోటోనే, అందులో పాప మనవైపు చూడనే లేదు, చెంప మీద పాకం, మూలన అమ్మ చెయ్యి సగం. ప్రింట్ వేయిస్తామని షాపుకు వాట్సాప్‌లో మామూలుగా పంపాం, సైజు తగ్గిపోయి పాకమంతా ముద్దలా వచ్చింది. మీరు డాక్యుమెంట్‌గా పంపండి.