తేలు బొమ్మ కారు: సెకండ్ హ్యాండ్ అబార్త్ పుంటోతో పద్నాలుగు నెలలు

నాలుగు లక్షల నలభై వేలకు 145 హార్స్‌పవర్. ఈ ఒక్క లెక్కతో నన్ను నేను ఒప్పించుకున్నాను. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "వ్యాగన్ ఆర్ బాగానే ఉంది కదండీ, దానికేమైంది?" అంది. దానికేమీ కాలేదు. పదేళ్లుగా ఏమీ కాలేదు, అదే నా బాధ.

నాది 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో. 2015 అక్టోబరులో మన దేశంలో విడుదలైనప్పుడు ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 9.95 లక్షలు. పైకి మామూలు పుంటోయే. బానెట్ కింద మాత్రం 1.4 లీటర్ల టి-జెట్ టర్బో పెట్రోల్ ఇంజన్. 212 ఎన్‌ఎం టార్క్ (అంటే లాగే బలం), ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. సున్నా నుంచి వందకు 8.8 సెకన్లని కంపెనీ లెక్క. అప్పటి నా జీతానికి దాన్ని షోరూమ్ అద్దంలోంచి చూసి ఇంటికి రావడమే. తర్వాత 2019కల్లా మన దేశంలో పుంటోల తయారీ ఆగిపోయింది. ఆగిపోయిన మోడల్ అంటే మనవాళ్లకు భయం. ఆ భయమే ధర దించి, కారును నా దాకా తెచ్చింది.

డబ్బు సంగతి ముందే చెప్తాను, అందరూ అడిగేది అదే. లోన్ రాలేదు. బండి వయసు ఎక్కువ, మోడల్ ఆగిపోయింది అన్నారు. నేనున్న నాలుగు లక్షల చీటీలో ఎనిమిదో నెల పాట పాడాను. పాట, కమిషన్ పోను చేతికొచ్చింది 3,42,000. మిగతాది సేవింగ్స్‌లోంచి. అంటే నాలుగు లక్షల చీటీలో 58,000 వదులుకున్నట్టే. పన్నెండు నెలల పాటు నెలకు పదిహేడు, పద్దెనిమిది వేలు చీటీకి పోయాయి. చీటీ ఖర్చు కలపకుండా "నాలుగు నలభైకే వచ్చింది" అని చెప్పుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే. నేనూ ఓ మూడు నెలలు అలాగే చెప్పుకున్నాను లెండి.

మొత్తం ఐదు కార్లు చూశాను. రెండు బెంగళూరువి. చవగ్గానే ఉన్నాయి కానీ అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడ హైదరాబాద్‌లో మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ తిరుగుడు నా వల్ల కాదనుకున్నాను. ఒకటి రిమ్యాప్ చేసింది, అంటే పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చింది; ఎగ్జాస్ట్ కూడా మార్చింది. ఓనర్ గర్వంగా మూడుసార్లు రేజ్ చేసి వినిపించాడు. మూడోసారికి నేను నా హెల్మెట్ తీసుకుని వచ్చేశాను.

చివరికి కొన్న కారు అల్వాల్‌లో దొరికింది. "పొద్దున ఏడింటికి వస్తాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందురోజే చెప్పాను. వెళ్లగానే చేసిన మొదటి పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. వెచ్చగా ఉంది! "పిల్లాణ్ని బస్టాప్‌లో దింపొచ్చాను సార్" అన్నాడాయన. నిజమే కావచ్చు. కానీ టర్బో కారు చల్లటి ఇంజన్‌తో ఎలా లేస్తుందో, పొగ ఏ రంగులో వస్తుందో చూడకుండా కొనకూడదని నా పట్టుదల. టీ తాగి వచ్చేశాను. మర్నాడు మళ్లీ ఏడింటికి వెళ్లాను. ఈసారి బానెట్ మీద మంచు తడి. తాళం తిప్పగానే లేచింది, కొద్దిగా ఆవిరి తప్ప పొగ లేదు. ఆయిల్ మూత తీసి వేలితో తుడిచి చూశాను, మీగడలాంటి తెల్లటి జిడ్డు లేదు (ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానం). మీటర్ 58,000 కిలోమీటర్లు చూపిస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు కూడా ఆ మాటే చెప్తున్నాయి. టైర్ల పక్కన చివరి నాలుగు అంకెలు 2317. అంటే 2017లో ఇరవైమూడో వారం తయారీ. గాట్లు బాగానే కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి గోరు దిగట్లేదు. ఇంజన్ వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు అడిగితే "మార్చే ఉంటారు సార్, నేను సెకండ్ ఓనర్‌ని" అన్నాడు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. ఆ రెండూ చూపించి ఐదు లక్షల పదివేలు చెప్పిన బండిని నాలుగు నలభైకి దించాను.

బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, చలాన్లు క్లియర్ చేయించడం వారంలో అయిపోయాయి. ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు రాదు, అది మనిషితో పోతుంది, బండితో రాదు. పాలసీ నా పేరుకు మార్చుకున్నప్పుడు ఆ తేడా కట్టాల్సి వచ్చింది.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "కొత్త బండి మీద తేలు బొమ్మేందిరా?" కార్లో (Carlo) అబార్త్ అనే ఆయన 1949లో ఈ కంపెనీ పెట్టాడని, నవంబరు 15న పుట్టాడు కాబట్టి వృశ్చిక రాశి గుర్తు పెట్టుకున్నాడని చెప్పాను. "నీదీ అదే రాశి గదరా" అని వెంటనే నిమ్మకాయలు తెమ్మంది. ఆయన రాశి పుట్టిన తేదీని బట్టి, మనది నక్షత్రాన్ని బట్టి అని వివరిద్దామనుకున్నా, పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను.

నడపడం గురించి. రెండు వేల ఆర్‌పీఎం దాకా ఇది నిద్రమొహం కారు. ట్రాఫిక్‌లో వ్యాగన్ ఆర్ దీన్ని దాటిపోతుంది. రెండున్నర వేలు దాటిందా, వీపు మీద ఎవరో చెయ్యివేసి తోసినట్టుంటుంది. ఔటర్ రింగ్ రోడ్ మీదికి ర్యాంప్ ఎక్కుతూ మూడో గేర్‌లో అరవై నుంచి వంద, ఆ నాలుగు క్షణాల కోసమే నేను చీటీ పాడింది. ఔటర్ మీద లిమిట్ 120, ఆ లోపే కావలసినంత సంతోషం ఉంది. హైడ్రాలిక్ స్టీరింగ్ బరువుగా ఉంటుంది, రోడ్డు చేతిలోకి తెలుస్తుంది. పార్కింగ్‌లో మాత్రం భుజాలు తెలుస్తాయి. మైలేజ్ నాకు సిటీలో తొమ్మిది, ఔటర్ మీద పదమూడు.

నేలకూ బండికీ మధ్య 155 మిల్లీమీటర్లే. మా నిజాంపేట కాలనీలో ఎవరింటి ముందు వాళ్లు సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు ఆరున్నాయి. రెండింటిని ఏటవాలుగా ఎక్కిస్తాను. పాలకేంద్రం ముందున్నదాన్ని ఎలా ఎక్కించినా కింద బర్రున గీసుకుంటుంది. ఆ చప్పుడుకి పాలు పోసే ఆవిడ తలెత్తకుండానే "సార్ వచ్చిండు" అంటుంది.

కొన్న వారానికే మెకానిక్ భాయ్ దగ్గర లిఫ్ట్ ఎక్కించాను. కింద టార్చి వేసి చూసి "ఇంజన్ మస్తుంది సార్, కీళ్లే అరిగినయ్" అన్నాడు. ఆ కీళ్లు, అంటే సస్పెన్షన్ బుష్‌లు, లోయర్ ఆర్మ్స్ 24,000. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ కలిపి 19,000. ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయేమోనన్న టెన్షన్‌తో పోలిస్తే అది చవకే. నాలుగు టైర్లు 30,000, ఇన్సూరెన్స్ 17,000, బ్యాటరీ 6,000, బదిలీ ఖర్చులు నాలుగున్నర వేలు. అంతా కలిపితే లక్షా ఐదు వందలు. ఇదంతా మొదటి ఐదు నెలల్లోనే. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తున్నా: మీ చేతిలో ఐదున్నర ఉంటే నాలుగున్నర లోపు బండి చూడండి, ఐదున్నర బండి కాదు.

మామూలు సర్వీసుకు ఇబ్బంది లేదు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజార్లో నాలుగు షాపులు తిరిగితే దొరికాయి. అసలు గోల ఈ మోడల్‌కే ప్రత్యేకంగా ఇచ్చిన వస్తువులతో. పోయిన వానాకాలం నీళ్లలో కనపడని గుంటలో దిగి ముందు బంపర్ కింది అంచు చీలింది. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరా లేదు. ఆరు వారాలు నల్ల టేపుతో తిరిగాను. మా ఆవిడ దాన్ని "బ్యాండేజీ బండి" అని పిలిచింది, పక్క సీట్లో కూర్చుని మరీ.

చివరికి ఢిల్లీ కాశ్మీరీ గేట్ మార్కెట్‌లో ఒకాయన దగ్గర రెండున్నాయని తెలిసింది. ఫొటోలు తెప్పించుకున్నా, బేరమాడా, రెండూ పంపమన్నా. ఒకటి కారుకుంది. రెండోది మా అటక మీద, బొమ్మల కొలువు పెట్టెల పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఉంది.