నీడతో ఎత్తు కొలవడానికి 30 మీటర్ల ఫైబర్ టేపు: కొనొచ్చా?

సరూప త్రిభుజాల పాఠాన్ని (ఒకే సమయంలో కర్రకూ మేడకూ ఎత్తు, నీడల నిష్పత్తి ఒకటే అన్నదాన్ని) గ్రౌండులో చేయించేటప్పుడు చాలామంది 5 మీటర్ల స్టీలు టేపుతోనే సరిపెడతారు. నీడ 9 మీటర్లుంటే దాన్ని రెండుసార్లు వేసి కలపాలి, కలిపినచోట తేడా వస్తుంది. ఫైబర్ టేపుతో ఆ బాధ లేదు. తుప్పు పట్టదు, ఎండలో చెయ్యి కాలదు.

కొనేటప్పుడు సున్నా ఎక్కడుందో చూడండి. కొన్నిటికి కొక్కెం బయటి అంచే సున్నా, కొన్నిటికి గీత లోపలికి ఉంటుంది. కొట్లోనే స్కేలు ఆనించి చూసుకోవాలి. ఒకవైపు మీటర్లు, రెండోవైపు అడుగులు ఉంటాయి కాబట్టి టేపు మెలికపడితే పిల్లలు ఒక నీడను మీటర్లలో, ఇంకోదాన్ని అడుగుల్లో రాసేస్తారు.

గట్టిగా లాగితే సాగుతుందనే ఫిర్యాదు నిజమే. ఈ పనికి మాత్రం అది లెక్కలోది కాదు. మీటరు కర్ర నీడ 1.25 మీ., మేడ మూల నీడ 9.50 మీ. అయితే ఎత్తు 9.50 ÷ 1.25 = 7.60 మీ. టేపు దగ్గర సెంటీమీటరు తప్పితే జవాబులో సెంటీమీటరు కూడా పోదు. అదే కర్ర నీడను 1.24 అని రాసుకున్నారా, ఎత్తు 7.66 అయి కూర్చుంటుంది. అందుకే అసలు జాగ్రత్త కర్ర దగ్గరే: 2 మీటర్ల పైపు తీసుకుని (అప్పుడు భాగించగా వచ్చినదాన్ని 2తో గుణించాలి), మేస్త్రీల తూకం గుండుతో నిలువు సరిచూసి నిలబెట్టండి. నేల వాలుగా ఉన్నచోట ఈ లెక్క చేయకండి.

టేపు తీర్చలేని చిక్కులు మూడు. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కనుక నీడ అంచు మసకబారుతుంది. పై లెక్కలో మేడ నీడకు ఆ మసక సుమారు 18 సెం.మీ., మీటరు కర్రకు రెండున్నర లోపే. రెండుచోట్లా మసక మధ్యకే కొలవాలి. స్లాబు గోడ దాటి బయటికి వచ్చి ఉంటే కొలత గోడ మొదలు నుంచి కాదు, స్లాబు మూలకు సరిగ్గా కింద నుంచి.

మూడోది ఆలస్యం. నాలుగు నిమిషాల్లో సూర్యుడు ఒక డిగ్రీ దిగితే ఆ మేడ నీడ 30 సెం.మీ. పైనే సాగుతుంది. ఒకరు చెయ్యెత్తగానే రెండు నీడల కొసలకూ ఒకేసారి సుద్దగీత పెట్టించండి, టేపు తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు.

బడి మేడ, జెండా కర్ర వరకే అయితే 15 మీటర్లది చాలు. సెల్ టవర్ల జోలికి వెళ్లేవాళ్లకే 30.