లిథియం డైసిలికేట్ ప్రెస్: విశాఖ ల్యాబ్‌లో చాలా ఏళ్లు వాడాక

ముందు పళ్లకి క్యాప్ అయినా, వెనీర్ (పన్ను ముందు వైపు అతికించే పల్చటి రేకు) అయినా నా ఓటు ఇప్పటికీ ప్రెస్ చేసిన, అంటే వేడికి మెత్తబరిచి అచ్చులోకి నొక్కిన, లిథియం డైసిలికేట్ అనే గాజు సెరామిక్‌కే. వెనక దవడ బ్రిడ్జికి (లేని పన్ను చోట పక్క పళ్ల ఆధారంతో నిలబెట్టే పళ్ల వరస) మాత్రం ఎవరు అడిగినా వద్దనే అంటాను.

నేను డాబాగార్డెన్స్ దగ్గర ఒక డెంటల్ ల్యాబ్‌లో సెరామిక్ బల్ల మీద పనిచేస్తాను. ఊళ్లో క్లినిక్‌ల నుంచే కాక శ్రీకాకుళం, విజయనగరం, నర్సీపట్నం నుంచి కూడా కొలతలు ఆర్టీసీ పార్సిల్‌లో వస్తాయి. కేసు కాగితం మీద డాక్టర్లు ‘ఈమ్యాక్స్’ అని రాస్తారు. ఇవోక్లార్ కంపెనీ 2005లో ఆ పేరుతో తెచ్చిన సరుకు అది. ఇప్పుడు చాలా కంపెనీల ఇంగాట్లు (వేడికి మెత్తబడే చిన్న గాజు దిమ్మెలు) దొరుకుతున్నా పిలుపు మాత్రం అదే. నేను చాలా రకాలు వాడాను కాబట్టి ఇది ఒక బ్రాండు మీద తీర్పు కాదు, ఆ పదార్థం మీద.

మా చేతులు మొదట అలవాటు పడింది మెటల్ సెరామిక్‌కి. నికెల్ క్రోమియం కోపింగ్ (లోపలి పల్చటి తొడుగు) మీద లోహం నలుపు కనబడకుండా ఓపేక్ అనే పూత వేయాలి. దాని మీద డెంటిన్ పొడి, చివర ఎనామెల్ కుంచెతో తడిగా పేర్చి, టిష్యూతో నీళ్లు పీల్చి, తొమ్మిది వందల డిగ్రీల పైన వ్యాక్యూమ్‌లో కాల్చాలి. కాలితే ముడుచుకుంటుంది కాబట్టి పన్నుని ముందే కాస్త పెద్దదిగా కట్టాలి. ఎంత పెద్దగా అన్నది పుస్తకం చెప్పదు, చెయ్యి చెప్పాలి. అలాంటి చెయ్యి ఉన్న సెరామిస్ట్‌ని పక్క ల్యాబ్ వాళ్లు జీతం పెంచి మరీ తీసుకుపోయేవారు. ప్రెస్‌తో ఆ కథ మారింది. పన్ను ఆకారం మైనంలోనే తేలిపోతుంది, మైనం ఎలా ఉంటే గాజు అలాగే దిగుతుంది. కుంచె పట్టే లోపే, ఏ ఇంగాట్ తియ్యాలన్న దగ్గరే సగం పని గెలవడమో ఓడడమో జరిగిపోతుంది. ఈ సంగతి ఒప్పుకోవడానికి మా పాతవాళ్లకి కొంచెం టైమ్ పట్టింది.

పని ఇలా నడుస్తుంది. డై (అరగదీసిన పన్ను నమూనా) మీద మైనంతో పన్ను చెక్కి, స్ప్రూ (గాజు దిగడానికి దారి అయ్యే మైనం కాడ) అతికించి, తూకం వేస్తాం. చిన్న ఇంగాట్‌కి మైనం 0.75 గ్రాము దాటకూడదు. దాటితే గాజు చాలక ఏదో ఒక మార్జిన్ (క్యాప్ చివరి అంచు) దగ్గర ఆగిపోతుంది. రింగులో ఇన్వెస్ట్‌మెంట్ (పొడిలో లిక్విడ్, నీళ్లు కలిపి చేసే అచ్చు ముద్ద) పోసి, గట్టిపడ్డాక 850 డిగ్రీల ఫర్నేస్‌లో పెడితే మైనం కాలిపోయి పన్ను ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ వేడి రింగులో చల్లని ఇంగాట్, దాని మీద చల్లని ప్లంజర్ (నొక్కే కడ్డీ) పెట్టి ప్రెస్ ఫర్నేస్‌లోకి పంపుతాం. 900 దాటి ఇంకాస్త పైకి వెళ్లాక ఇంగాట్ ముదురు పాకంలా మెత్తబడుతుంది, ప్లంజర్ దాన్ని నెమ్మదిగా ఆ ఖాళీలోకి నొక్కుతుంది.

చల్లారిన రింగుని కోసి గాజు పూసలతో బ్లాస్ట్ చేయడమే నాకు ఇందులో అన్నిటికంటే టెన్షన్ పెట్టే పని. మొదట 4 బార్ ఒత్తిడి, పన్ను కనబడగానే 2 బార్‌కి దించాలి. ఇన్వెస్ట్‌మెంట్ పొడి రాలుతూ ఉంటే మధ్యలో మార్జిన్ గీత సన్నగా బయటపడుతుంది. అక్కడ నాజిల్‌ని ఇంకొన్ని సెకన్లు నిలిపితే చాలు, ఆ పదునైన అంచు గుండ్రమైపోతుంది. డై మీద పెట్టి భూతద్దంలో చూస్తే అంచు వెంబడి సందు నల్లగా కనబడుతుంది. ఆ పన్ను ఇక ఎందుకూ పనికిరాదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి కుంచె ఇచ్చే ముందు ఈ నాజిల్ పట్టుకోవడమే నేర్పిస్తాను.

ఇన్వెస్ట్‌మెంట్ సరిగ్గా కలిపితే ఫిట్ మాత్రం అద్భుతం. లిక్విడ్ ఎక్కువ, నీళ్లు తక్కువ అయితే వ్యాకోచం పెరిగి క్యాప్ వదులవుతుంది. తిరగేస్తే బిగుస్తుంది. ఇన్లేకి (పన్ను గుంతలో కూర్చే ముక్క), క్యాప్‌కి పాళ్లు వేరు. ఇక్కడే మా ఊరి వాతావరణం అడ్డు తగులుతుంది. తయారీదారులు గది వేడి 23 డిగ్రీల లోపు ఉండాలంటారు. మే నెలలో విశాఖలో ఏసీ లేని గదిలో పొడి కలిపితే రింగులో పోసేలోపే చిక్కబడిపోతుంది, బుడగలు లోపలే ఉండిపోతాయి. ఆ బుడగలు పన్ను లోపలి గోడ మీద చిన్న చిన్న గింజలై మిగులుతాయి. వాటిని మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ గీకాలి. కాబట్టి ఇన్వెస్టింగ్ గదికి విడిగా ఏసీ పెట్టలేని ల్యాబ్ ప్రెస్ జోలికి వెళ్లకపోవడం మేలు. లిక్విడ్‌ని చల్లగా ఉంచాలి కదా అని ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టేవాళ్లున్నారు. గడ్డకడితే అది ఇక పారబోయడానికే.

ఉక్క సంగతి ఇంకోటి. ఫర్నేస్ తల తెరిచి వదిలేస్తే లోపలి ఇన్సులేషన్ సముద్రపు గాలిలోని తేమనంతా పీల్చుకుంటుంది. పంపులోకీ నీరు చేరుతుంది. వ్యాక్యూమ్ సరిగ్గా దిగదు, గ్లేజ్ (పైన మెరుపు పూత) మీద మబ్బు పట్టినట్టు వస్తుంది. వానాకాలంలో పొద్దున్నే పన్ను పెట్టకుండా ఒకసారి ఖాళీగా, తేమ పోయే ప్రోగ్రాంలో నడిపిస్తాం. డిగ్రీల మీద అనుమానం వస్తే వెండి తీగతో పరీక్ష ఉండనే ఉంది. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఫర్నేస్ చూపించే అంకె దానితో కలవాలి. కరెంటు గురించి విశాఖ వాళ్లకి నేను చెప్పేదేముంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు ఇది. తుపాను లేని రోజుల్లో కూడా ప్రెస్ మధ్యలో కరెంటు పోతే ఆ రింగు మీద ఆశ వదులుకోవాల్సిందే. యూపీఎస్ ఖర్చుని ఫర్నేస్ ధరలోనే కలిపి లెక్క వేసుకోండి.

ఇక నేను ఎక్కువ రాయాలనుకున్నది స్టంప్ షేడ్, అంటే క్యాప్ కింద ఉండే అరగదీసిన పన్ను రంగు గురించి. ఈ గాజు వెలుగుని లోపలికి పోనిస్తుంది. అందుకే అది పన్నులా కనబడుతుంది. కానీ అదే కారణంగా లోపల ఉన్న అరగదీసిన పన్ను రంగుని కూడా బయటికి చూపిస్తుంది. ఊళ్లో ఒక డాక్టరుగారు ముందు పన్నుకి క్యాప్ పంపారు. కాగితం మీద ‘ఎ2’ అనే రంగు నంబరు తప్ప ఇంకేం లేదు. ఎల్‌టీ (వెలుగుని కొంత పోనిచ్చే రకం) ఎ2 ఇంగాట్‌తో ప్రెస్ చేసి పంపాం. మోడల్ మీద చూస్తే ముచ్చటగా ఉంది. మర్నాడు ఫోన్ వచ్చింది.

“ఏమండీ, ఎ2 అని రాశాం కదా, నోట్లో పెడితే ఇలా బూడిద రంగు కొడుతోందేంటి?”

“డాక్టరుగారూ, క్యాప్ తీసి లోపల పన్ను ఫొటో ఒకటి పెడతారా?”

ఫొటో వచ్చింది. రూట్ కెనాల్ అయిన పన్ను, మధ్యలో మెటల్ పోస్ట్ మెరుస్తోంది, చుట్టూ టీ మరక లాంటి గోధుమ రంగు. అలాంటి చోట ఎల్‌టీ ఎంత అందంగా చేసినా ఆగదు. వెలుగుని బాగా అడ్డుకునే హెచ్‌ఓ ఇంగాట్‌తో పల్చటి కోపింగ్ ప్రెస్ చేసి, దాని మీద 750 డిగ్రీల దగ్గర కాలే పొడి పేర్చి మళ్లీ చేశాం. ఆ పొరలన్నీ పట్టాలంటే డాక్టరుగారు పన్నుని ఇంకొంచెం అరగదీయాల్సి వచ్చింది. ఈ తిప్పలన్నిటికీ మందు మొదట్లోనే ఒక ఫొటో.

ఆ లోపలి రంగుకీ విడిగా షేడ్ గైడ్ ఉంది, ఎన్‌డీ1 నుంచి ఎన్‌డీ9 వరకు. అవే రంగుల్లో లైట్‌తో గట్టిపడే రెజిన్ కూడా వస్తుంది. దాన్ని క్యాప్ లోపల నింపి గట్టిపరిస్తే, పేషెంటు నోట్లో ఉన్న అరగదీసిన పన్ను మొద్దు రంగే మన బల్ల మీదికి వచ్చేస్తుంది. క్యాప్‌ని దాని మీద పెట్టి రంగు వేసుకోవచ్చు. నా లెక్కలో ఈ సరంజామాకి పెట్టిన డబ్బు ఇంకే పరికరం కంటే త్వరగా తిరిగొచ్చింది, ఎందుకంటే రిపీట్ కేసులు తగ్గాయి. డాక్టర్లకి ఒక విన్నపం. షేడ్ ట్యాబ్‌ని పన్ను పక్కనే, పన్ను ఉన్న వరసలోనే పట్టుకుని, కిటికీ వెలుగులో ఫొటో తీయండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు ఫొటోగా పంపితే నలిగిపోతుంది. లిప్‌స్టిక్ తుడిచేయించండి.

షేడ్ గైడ్ కూడా చేతులెత్తేసే కేసులు మా వైపు వస్తాయి. తీర ప్రాంత పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇప్పటికీ ఉన్నారు, చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలిలో మచ్చలేమైనా ఉన్నాయేమో డాక్టర్లు ముందు చూసేది అదే, చూడాలి కూడా. మా సమస్య చిన్నది: వీటా క్లాసికల్ గైడ్‌లో 16 రంగులుంటే ఆవిడ పక్క పన్ను రంగు వాటిలో ఒక్కటీ కాదు. అలాంటి ఒక కేసులో కోడలు తెల్లగా చేయించమంది. ఆవిడేమో “పక్కది అలా ఉంటే ఇదొక్కటీ తెల్లగా మెరిస్తే ఊళ్లో నవ్వరా బాబూ” అందట. ఆవిడదే నెగ్గింది. చిగురు దగ్గర గోధుమ స్టెయిన్, అంచు మీద సన్నగా ఒక పగులు గీత గీసి గ్లేజ్ చేశాం. ఇలాంటి పనులకి ఈ పదార్థాన్ని మించింది లేదు.

బలం సంగతి. ప్రెస్ చేసిన లిథియం డైసిలికేట్ 400 మెగాపాస్కల్స్‌కి (విరగకుండా తట్టుకునే బలం కొలత) అటూఇటూ. పైన పేర్చే పొడి వంద లోపే. జిర్కోనియా అనే గట్టి తెల్ల సెరామిక్ మామూలుగా వెయ్యి దాటుతుంది. అంచేత ముందు పళ్లలో మూడు పళ్ల బ్రిడ్జి వరకే, వెనక్కి వస్తే రెండో ప్రీమోలార్‌తో (పెద్ద దవడ పళ్లకి ముందుండే పన్ను) ఆఖరు. మోలార్ (పెద్ద దవడ పన్ను) బ్రిడ్జికి జిర్కోనియాకే వెళ్లండి. ఒంటరి మోలార్ క్యాప్‌కి వాడొచ్చు, మందం ఉంటే. నమిలే వైపు మిల్లీమీటరున్నర ఇవ్వండని మేం అడుగుతూనే ఉంటాం. 1 మిల్లీమీటరుకి దిగాలంటే రెజిన్ సిమెంట్‌తో సరిగ్గా అతికించి తీరాలి. పేషెంట్లు మాత్రం బలం గురించి అడగరు. “ఎన్నేళ్ల కార్డు ఇస్తారు?” అంటారు. జిర్కోనియా వారంటీ కార్డులు చేసిన ఘనత ఇది.

ఇదే పదార్థంలో మిషన్ చెక్కే మిల్లింగ్ బ్లాకులు కూడా వాడాం. నీలం రంగులో ఉంటాయి, అప్పటికి ఇంకా పూర్తి గట్టిపడని గాజు కాబట్టి సులువుగా చెక్కుడవుతుంది. తర్వాత 840, 850 డిగ్రీల మధ్య కాలిస్తే నీలం పోయి పన్ను రంగు, పూర్తి బలం వస్తాయి. తొందరగా కావలసిన ఒంటరి క్యాప్‌కి హాయి. కానీ వెనీర్ అంచుల్లాంటి పల్చటి చోట బర్ర్ (చెక్కే పనిముట్టు) మందం కంటే సన్నగా మిషన్ చెక్కలేదు. మైనంలో నేను 0.3 మిల్లీమీటర్ల వెనీర్ లాగగలను, ప్రెస్‌లో అది అలాగే దిగుతుంది. చెయ్యి నేర్పు మిగిలింది అక్కడ.

క్లినిక్‌లో జరిగేది మా చేతిలో లేదు గానీ పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ఈ గాజుని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో 20 సెకన్లు ఎచ్ చేసి (గరుకుపరిచి), సైలేన్ (సిమెంట్ అంటుకునేలా చేసే పూత) రాసి అతికిస్తే బాగా పట్టుకుంటుంది. జిర్కోనియాకి ఈ ఎచింగ్ పనిచేయదు. రెండింటికీ ఒకే పద్ధతి వాడే క్లినిక్‌ల నుంచి ‘క్యాప్ ఊడింది’ అని ఫోన్లు వస్తాయి. కొరికి చూసేటప్పుడు ఎత్తు తగిలితే సన్న డైమండ్‌తో, నీళ్లు పోస్తూ అరగదీసి, పాలిష్ చేసి వదలండి. గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్నుని అది తినేస్తుంది.

ల్యాబ్ కుర్రాళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ రాయరు. ఇన్వెస్ట్‌మెంట్ పొడిలో సిలికా ఉంటుంది, పీలిస్తే ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు, సక్షన్ ఉండాలి. ప్రెస్ అయ్యాక పైన మిగిలే తెల్లటి పొర కరిగించే లిక్విడ్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఒక శాతం లోపే ఉన్నా, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా గిన్నె ముట్టుకోనివ్వను. వాడాక న్యూట్రలైజింగ్ పొడి వేసి గాని సింకులో పోయనివ్వను.

ఖర్చు విషయంలో ఒక్క చికాకుంది. ప్రెస్ అయ్యాక ప్లంజర్ కింద మిగిలిపోయే గాజు ముక్కని (బటన్) మళ్లీ వాడకూడదు, వాడితే రంగు, బలం రెండూ పోతాయి. అందుకే ఒక రింగులో ఒకే షేడ్ కేసులు రెండు మూడు కలిసేదాకా ఆగుతాం. డాక్టర్లు ‘ఇంకా కాలేదా’ అనేది తరచుగా దీనివల్లే.

కొత్తగా ప్రెస్ మొదలుపెట్టేవాళ్లు షేడ్లన్నీ ఒక్కసారి కొనకండి. ఎల్‌టీలో ఎ1, ఎ2, ఎ3, ఎ3.5, నల్లబడ్డ మొద్దుల కోసం వెలుగుని అడ్డుకునే ఎమ్ఓ1, హెచ్‌ఓ1 పెట్టుకుంటే మా వైపు కేసులు చాలా వరకు గడిచిపోతాయి. వెలుగుని బాగా పోనిచ్చే హెచ్‌టీ ఇంగాట్లు వెనీర్ కేసు చేతికొచ్చాకే తెప్పించుకోండి.