డ్రంక్ అండ్ డ్రైవ్ అప్పీలు: ఒంగోలులోని ఒక ప్లీడరు గారి సేవపై నా అభిప్రాయం

చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీ నడిపే మా బావమరిదికి మద్యం తాగి వాహనం నడిపిన కేసులో మేజిస్ట్రేటు కోర్టు జరిమానాతో పాటు జైలుశిక్ష కూడా విధించడంతో, ఒంగోలు జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ఒక ప్లీడరు గారిని ఆశ్రయించాము. న్యాయవాదులు ప్రచారం చేసుకోరాదన్న బార్ కౌన్సిల్ నిబంధన దృష్ట్యా పేరు రాయవద్దని వారే కోరారు.

అంతకుముందు వెళ్లిన మరో చోట, కాగితాలైనా చూడకుండా, కేసు మొత్తం కొట్టివేయిస్తామని చెప్పి ఫీజు అడిగారు. వీరు మాత్రం తీర్పు నకలును మా ఎదుటే ఆసాంతం చదివి, 'ముద్దాయి నేరం అంగీకరించినాడు' అన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని ఎవరో చెప్పగా మావాడు అన్న మాట అది. దాని వల్ల, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు చట్టపరిమితి అయిన 30 మిల్లీగ్రాములు దాటినట్లు చూపిన బ్రీత్ అనలైజర్ ఫలితాన్ని ఇక ప్రశ్నించలేమని, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 416వ సెక్షను ప్రకారం శిక్ష పరిమాణంపైన, దాని చట్టబద్ధతపైన మాత్రమే అప్పీలు నిలుస్తుందని దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాట విని ఇంటిల్లిపాదీ డీలాపడినా, మాకు నమ్మకం కుదిరింది కూడా అక్కడే.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది కనుక, జరిమానా ఒక్కటీ సరిపోతుందన్నదే వారి వాదన. 30 రోజుల గడువులోగా సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి, దానితోపాటే శిక్ష నిలుపుదల పిటిషను కూడా దాఖలు చేశారు. చివరకు జైలుశిక్ష రద్దయి జరిమానా మిగిలింది. నేరస్థుడన్న తీర్పు మాత్రం అలాగే ఉంది. లైసెన్సుపై రవాణా శాఖ చర్య తీసుకుంటే అది వేరే వ్యవహారమని, ఆ ఉత్తర్వుపై అప్పీలుకు కూడా 30 రోజులే గడువని కాగితంపై రాసిచ్చారు. బండి నడిపితేనే పూట గడిచే ఇంటికి ఆ కాగితం ఎంతో ముఖ్యం.

లోపం లేకపోలేదు. గుమాస్తా ఖర్చుల పేరిట తీసుకున్న చిన్న మొత్తాలకు రసీదు ఇవ్వలేదు. సాయంత్రం వేళ వెళితే చాలాసేపు వేచి ఉండవలసి వచ్చింది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. వెళ్లేవారు తీర్పు సర్టిఫైడ్ నకలుకు ముందే దరఖాస్తు చేసుకుని, అది చేతికి రాగానే వెంట తీసుకువెళ్లడం మంచిది.