కంపెనీ బాస్ ఎంపీగా నిలబడితే ఏం చూడాలి? అఫిడవిట్ పోర్టల్‌పై నా రివ్యూ

పెద్ద కంపెనీ నడిపిన మనిషి ఎంపీగా పోటీ చేస్తున్నాడంటే మనలో చదువుకున్నవాళ్లు చాలామంది ప్రచారం మొదలవకముందే సగం ఒప్పేసుకుంటారు. అరవడు, ఎదుటివాళ్లని తిట్టడు, కులం పేరెత్తడు, డిబేట్‌లో అవతలివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతాడు, "నేను పని చేయడానికి వచ్చాను" అంటాడు. ఇలాంటి మితవాదులంటే నాకూ ఇష్టమే. పార్లమెంటులో బ్యాలెన్స్ షీట్ చదవగలిగేవాళ్లు ఇంకొంతమంది ఉండాలని గట్టిగా కోరుకునేవాణ్ణి. కానీ మర్యాదగా మాట్లాడటం ఒకటి, ఆ మనిషి వ్యాపారం ప్రభుత్వంతో ఎంతవరకు ముడిపడి ఉందన్నది ఇంకొకటి. ఆ రెండోది తెలుసుకోవడానికి మామూలు ఓటరుకి ఉన్న మంచి దారి ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్. ఫోన్‌లో అయితే 'నో యువర్ క్యాండిడేట్' యాప్ ఉంది. పైసా ఖర్చు లేదు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను.

వాడటం తేలిక. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే నామినేషన్ వేసిన వాళ్లందరి జాబితా వస్తుంది. ఎవరిది ఆమోదించారు, ఎవరిది తిరస్కరించారు, ఎవరు వెనక్కి తీసుకున్నారు అన్నీ కనిపిస్తాయి. పేరు నొక్కితే ఫారం 26, అంటే అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి చెప్పే అఫిడవిట్, స్కాన్ కాపీ దిగుతుంది. మొదటి పేజీ స్టాంపు పేపరు, పేజీ పేజీకీ అభ్యర్థి సంతకం, నోటరీ ముద్ర. మొదటిసారి తెరిచినవాళ్లు ఆ ముద్రలు, సంతకాలు చూసి ఇదేదో లాయర్లు చదువుకునే కాగితం అనుకుని మూసేస్తారు. మూయొద్దు. ఈ కాగితం మన చేతికి రావడానికి 2002లో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. ఆ తీర్పుని పక్కకి నెట్టేలా పార్లమెంటు చట్టం సవరిస్తే, 2003లో కోర్టు ఆ సవరణనీ కొట్టేసింది. గడులు ఖాళీగా వదిలేసి తప్పించుకోవడం కూడా 2013 తీర్పుతో పోయింది. చెప్పడానికి ఏమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాల్సిందే, అడిగినా నింపకపోతే నామినేషనే పోతుంది.

వ్యాపారం నుంచి వచ్చిన అభ్యర్థి విషయంలో మనం చేసే తప్పేంటంటే, మొత్తం ఆస్తి ఎన్ని కోట్లో చూసి అక్కడే ఆగిపోతాం. పేపర్లలో వచ్చేదీ అదే. 2014లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని బెంగళూరు దక్షిణ నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడితే, భార్యాభర్తల ఆస్తి 7,700 కోట్లన్నది ఆయన చెప్పిన మిగతా మాటలన్నిటికంటే ఎక్కువ ప్రచారం అయింది. ఓడిపోయారు, అదీ రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో. 2024లో గుంటూరు నుంచి టీడీపీ అభ్యర్థిగా పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్లకు పైగా చూపిస్తే దేశమంతా వార్త అయింది. ఆయన గెలిచి కేంద్రంలో సహాయ మంత్రి కూడా అయ్యారు. అదే ఎన్నికలో చేవెళ్ల నుంచి బీజేపీ తరఫున గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి కుటుంబం చూపించింది 4,500 కోట్లకు పైనే. ఈ అంకెలు విని కొందరు "ఇంత ఉన్నవాడు తినడులే" అంటారు, కొందరు "ఇంత ఉన్నవాడికి మన కష్టం ఏం తెలుసు" అంటారు. రెండు మాటలకీ ఆ అంకెలో ఆధారం లేదు.

పైగా ఆ అంకె అందరికీ ఒకే కొలతతో వచ్చింది కూడా కాదు. ఫారంలోనే ఒక సూచన ఉంటుంది, ఎవరూ చదవరు: లిస్టయిన కంపెనీ షేర్లయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో ఇప్పుడున్న ధర ప్రకారం చూపాలి, లిస్టవని కంపెనీ అయితే ఖాతా పుస్తకాల్లో ఉన్న విలువ ప్రకారం చూపాలి. అంటే ఒకాయన షేర్లు మార్కెట్ పెరిగితే అఫిడవిట్‌లోనూ పెరిగిపోతాయి, ఇంకొకాయన సొంత ప్రైవేట్ కంపెనీ నిజంగా వందల కోట్లు చేసినా కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ రెండు మొత్తాలనీ పక్కపక్కన పెట్టి వీడు పెద్ద, వాడు చిన్న అనడంలో అర్థం లేదు. షేర్ల జాబితా చాలామందికి అనుబంధంగా వెనక ఉంటుంది: కంపెనీ పేరు, షేర్ల సంఖ్య, విలువ. నేను చూసేది ఆ కంపెనీల పేర్లు, అవి చేసే వ్యాపారాలు. కరెంటు, రోడ్లు, గనులు, ఆస్పత్రులు, విద్యాసంస్థలు... వీటిలో ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది, ధర నిర్ణయిస్తుంది, లేకపోతే తనే కొంటుంది. అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో పక్కన రాసుకుంటే మనిషి గురించి కోట్ల లెక్క కంటే ఎక్కువ తెలుస్తుంది.

నాకు ఈ ఫారంలో అన్నిటికంటే విలువైనది కాంట్రాక్టుల గడి. 2018లో లోక్ ప్రహరి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఇది వచ్చింది. ప్రభుత్వంతోనో, పబ్లిక్ కంపెనీతోనో అభ్యర్థికి, భార్యకి లేదా భర్తకి, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకి ఉన్న కాంట్రాక్టులు, వాళ్ల భాగస్వామ్య సంస్థలవి, వాళ్లకి వాటా ఉన్న ప్రైవేట్ కంపెనీలవి రాయాలి. ఇక్కడే ఒక కన్నం ఉంది, చూడండి: అడిగింది ప్రైవేట్ (స్టాక్ మార్కెట్‌లో లిస్టవని) కంపెనీల గురించి. పెద్ద లిస్టెడ్ కంపెనీ ప్రమోటరే పోటీ చేస్తే, ఆ కంపెనీకి వేల కోట్ల ప్రభుత్వ పని ఉన్నా ఈ గడిలో 'వర్తించదు' అని రాసి సంతకం పెట్టొచ్చు. అప్పుడు మనమే ఆ కంపెనీ వార్షిక నివేదిక తీసి చూసుకోవాలి. కొంచెం శ్రమే, కానీ లిస్టెడ్ కంపెనీ కాబట్టి నివేదిక బయటే ఉంటుంది.

అప్పులు, ప్రభుత్వ బకాయిల పేజీ కూడా వదలొద్దు. ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఆస్తి పన్ను బకాయిలు వేరు, వివాదంలో ఉన్న మొత్తాలు వేరు. వ్యాపారంలో ఉన్నవాళ్లకి పన్ను వివాదాలు మామూలే, అవి ఉన్నాయని మనిషిని దొంగ అనేయడం అన్యాయం. కానీ ఒక పెద్ద వివాదం ఉండి, అదే మనిషి రేపు ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘంలో కూర్చుంటానంటే ఓటరుకి ముందే తెలిసి ఉండాలి. ఐదేళ్ల ఆదాయం కూడా ఒక పట్టికలో ఉంటుంది. జీతం తగ్గించుకుని సేవకి వచ్చానని చెప్పేవాళ్ల విషయంలో నేను ముందు అదే తెరుస్తాను.

ఇక మార్కు తగ్గించిన సంగతి. ఇవన్నీ స్కాన్ చేసిన బొమ్మలు. ఒక కంపెనీ పేరు కొట్టి, ఇది ఏయే అభ్యర్థుల అఫిడవిట్లలో ఉందని వెతకడం కుదరదు. కొన్ని చేతిరాత, కొన్నిట్లో ఫొటోకాపీ ఎంత మసకగా ఉంటుందంటే సున్నాలు లెక్కపెట్టడానికి జూమ్ చేస్తూ కూర్చోవాలి. ఈ లోటుని ఏడీఆర్ (ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ) వాళ్ల మైనేత సైట్ చాలావరకు తీరుస్తుంది. అదే సమాచారాన్ని టైప్ చేసి పట్టికలుగా పెడతారు, పాత ఎన్నికతో పోల్చుకోవచ్చు. నా పద్ధతి ఏంటంటే మైనేతలో మొదలుపెట్టి, అనుమానం వచ్చిన గడిని అసలు స్కాన్ కాపీలో సరిచూసుకోవడం. ఇంకో ముఖ్యమైన విషయం, ఇవన్నీ అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పినవి, రిటర్నింగ్ అధికారి నిజమా కాదా అని విచారణ చేసి పెట్టినవి కావు. అబద్ధం చెబితే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది. ఆ శిక్ష చాలా తక్కువని నా గట్టి అభిప్రాయం.

అఫిడవిట్ చెప్పనివి కూడా ఉన్నాయి. ఆ మనిషి బాస్‌గా ఉన్నప్పుడు ఉద్యోగులతో ఎలా ఉన్నాడు, నష్టం వచ్చిన ఏడాది ఎవరి మీద భారం వేశాడు, ఇవి ఏ గడిలోనూ ఉండవు. మితవాది అన్న మాట కూడా ఏ గడిలోనూ పట్టదు. అసలు ఆ మాటకి సభలో ఎంత చోటు ఉందన్నది ఇంకో ప్రశ్న, ఎందుకంటే పార్టీ టికెట్ మీద గెలిచాక విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ అయితే సొంత అభిప్రాయం పక్కన పెట్టాల్సిందే, కాదని ఓటేస్తే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. పార్టీ టికెట్ లేకుండా 2009లో బ్యాంకర్ మీరా సన్యాల్ ముంబై దక్షిణ నుంచి, ఎయిర్ డెక్కన్ విమాన సంస్థ పెట్టిన గోపీనాథ్ బెంగళూరు దక్షిణ నుంచి స్వతంత్రులుగా నిలబడితే ఇద్దరూ ఓడిపోయారు. అందుకే "ఆయన చాలా బ్యాలెన్స్‌డ్‌గా ఉంటాడండీ" అని ఎవరైనా అంటే, ఏ పార్టీ టికెట్ అని అడుగుతాను.

గెలిచాక మనకి దొరికే సమాచారం ఇంకా తగ్గిపోతుంది. రాజ్యసభ సభ్యులకి డైరెక్టర్ పదవులు, నియంత్రణ వాటాలు, కన్సల్టెన్సీలు నమోదు చేసే రిజిస్టర్ ఉంది, లోక్‌సభలో అలాంటిది లేదు. కాబట్టి కంపెనీల నుంచి వచ్చిన ఎంపీ విషయంలో వచ్చే ఎన్నిక దాకా మన చేతిలో మిగిలేది చాలావరకు ఈ ఫారం 26 మాత్రమే. డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోండి. సభలో ఆయన అడిగిన ప్రశ్నలు పీఆర్‌ఎస్ (పార్లమెంటు పనితీరుని నమోదు చేసే పరిశోధన సంస్థ) సైట్‌లో దొరుకుతాయి, రెండూ పక్కన పెట్టుకుని చూస్తే తన షేర్ల జాబితాలో ఉన్న రంగం గురించి ఎన్నిసార్లు అడిగారో మీకే తెలిసిపోతుంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటి: అఫిడవిట్‌లో తప్పుందని మీ దగ్గర ఆధారం ఉంటే మీరూ ప్రమాణం చేసి ఎదురు అఫిడవిట్ ఇవ్వొచ్చు, రిటర్నింగ్ అధికారి దాన్ని కూడా జనం చూసేలా పెట్టాలి. నామినేషన్ల గడువు ముగిశాక పోలింగ్‌కి మిగిలేది కొద్ది వారాలే కాబట్టి చివరి రోజు దాకా ఆగకుండా అప్‌లోడ్ అయిన రోజే చదవండి.